క్యూఆర్ అట్ట అంత తేలికగా బటన్ ఎందుకు దొరకదు?
భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గవర్నరు గారికి,



ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఏ కొట్టుకు వెళ్లినా బల్ల మీద ఒక క్యూఆర్ అట్ట, దాని పక్కన చిన్న స్పీకర్ డబ్బా కనిపిస్తాయి. కొన్నవాళ్లు ఫోను తీసి స్కాన్ చేస్తారు. ఇంత డబ్బు అందిందని ఆ డబ్బా తెలుగులో పలుకుతుంది. పొట్లం చేతికొస్తుంది. అమ్మినావిడకు ఆ అమ్మకంలో పైసా తరుగు పోదు. దీని వెనక మీ బ్యాంకు శ్రమ, యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ శ్రమ ఎంత ఉందో నాకు తెలుసు. 2016లో మొదలైన యూపీఐ మీద 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2 వేల కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. చిల్లర లేక బేరం పోయే రోజులు చూసినవాళ్లం కనుక దాని విలువ మాకు బాగా తెలుసు.

అదే కొట్టావిడ తన పేరుతో ఒక చిన్న వెబ్‌సైటు పెట్టుకుని, పుణెలో ఉన్న తెలుగువాళ్లకు నాలుగు డబ్బాలు అమ్ముదామనుకుంటే మాత్రం కథ మారిపోతుంది. పొయ్యి దగ్గర ఫొటోలు తీయించి, ధరలు రాయించి, సైటు పెట్టించాక కూడా దాంట్లో డబ్బు కట్టే బటన్ ఉండదు. ఆ చోట ఒక ఫోను నంబరు, "ఆర్డర్ కోసం వాట్సాప్ చేయండి" అన్న మాట ఉంటాయి. గోదావరి జిల్లాల్లో చిన్న తయారీదారులకు వెబ్‌సైట్లు కట్టిపెట్టడం నా పని. పూతరేకులు, ఆవకాయ, ఉప్పాడ జాందానీ చీరలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లందరూ మొదట అడిగేది ఆ బటన్ గురించే. చివరికి చాలామంది బటన్ లేని సైటుతోనే సరిపెట్టుకుంటారు. ఎందుకు సరిపెట్టుకుంటున్నారో మీకు చెప్పాలని, దానికి మీ చేతిలో ఉన్న పరిష్కారం అడగాలని ఈ లేఖ.

బటన్ లేని సైటులో బేరం ఎలా నడుస్తుందో ముందు చెబుతాను. కొనేవాళ్లు వాట్సాప్‌లో పలకరిస్తారు. అమ్మేవాళ్లు పొయ్యి దగ్గరో మగ్గం గుంటలోనో ఉంటారు. గంట తర్వాత చూసి ధర చెప్తారు, యూపీఐ నంబరు పంపుతారు. అవతలివాళ్లు డబ్బు వేసి స్క్రీన్‌షాట్ పంపుతారు. అది నిజమైన స్క్రీన్‌షాటో, పాతదాని మీద తేదీ మార్చిందో తేల్చుకోవడానికి బ్యాంకు మెసేజీల్లో వెతకాలి. ఒకే రోజు ముగ్గురు 600 రూపాయల చొప్పున వేస్తే ఏది ఎవరిదో పోల్చుకోవడం ఒక పని. దొంగ స్క్రీన్‌షాట్లు, అచ్చం పేమెంట్ యాప్‌లాగే కనిపించే నకిలీ యాప్‌లు మన ఊళ్లలో కొత్త కాదు. కొట్టు మీద స్పీకర్ డబ్బా అంత తొందరగా పాతుకుపోవడానికి ఒక కారణం అదే: డబ్బు వచ్చిందీ లేనిదీ కొన్నవాళ్ల ఫోను చూసి నమ్మక్కర్లేకుండా, తన వైపు నుంచి తనకే తెలియడం. వెబ్‌సైటులో అమ్మేవాళ్లకు ఆ భరోసా లేదు.

అంత కష్టమైతే పెద్ద అమ్మకపు వేదికల మీద పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. కొందరు పెట్టుకున్నారు. అక్కడ కమీషన్ పోతుందన్నది అందరికీ తెలిసిన బాధ. నన్ను అంతకన్నా ఎక్కువ బాధించేది మరొకటి: అక్కడ కొన్నది ఎవరో అమ్మినవాళ్లకు తెలిసేది అంతంత మాత్రం. పచ్చళ్లావిడ దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. నాగపూర్ వాళ్లకు వెల్లుల్లి లేకుండా, బెంగళూరు పెద్దాయనకు ఉప్పు తగ్గించి, ఫలానా ఇంటికి ఏటా మాగాయ రెండు కిలోలు అని అందులో రాసి ఉంటుంది. ఆవిడ వ్యాపారమంతా ఆ పుస్తకమే. సొంత సైటు, సొంత బటన్ ఉంటే ఆ పుస్తకం ఆవిడదిగానే ఉంటుంది, పెరుగుతుంది. వేదిక మీద అది వేదిక సొంతం. రేపు అదే వేదిక ఆవిడ సరుకు పక్కనే మరో తక్కువ ధర సరుకు చూపిస్తే ఆవిడ చేయగలిగింది ఏమీ లేదు. పవర్‌లూమ్ మీద నేసి అచ్చు వేసిన గుడ్డ, మగ్గం మీద నేసిన పోచంపల్లి ఇక్కత్ ఒకే పేజీలో ఒకే పేరుతో పక్కపక్కన కనిపించడం చూసిన నేతగాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక బటన్ సంగతి. సాంకేతికంగా అదేమంత పెద్ద విషయం కాదని మీకు చెప్పక్కర్లేదు, కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. కొన్ని పేమెంట్ సంస్థలు నాలుగు ముక్కల కోడ్ ఇస్తాయి. దాన్ని పేజీలో కావలసిన చోట అతికిస్తే బటన్ వచ్చేస్తుంది. కొనేవాళ్లు దాన్ని నొక్కితే ఆ సంస్థ కిటికీ తెరుచుకుంటుంది. యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఏది కావాలంటే అది. కార్డు నంబరు మా సైటుకు అసలు తెలియదు, తెలియకూడదు కూడా. 2022 అక్టోబరు నుంచి వ్యాపారులెవరూ కార్డు వివరాలు దాచుకోకూడదన్న మీ నిబంధన మంచిదే. డబ్బు ముందు ఎస్క్రో ఖాతాలో, అంటే మధ్యలో భద్రంగా పట్టి ఉంచే ఖాతాలో పడి, ఒకటి రెండు రోజుల్లో అమ్మినవాళ్ల ఖాతాకు చేరుతుంది. డబ్బు అందిన వెంటనే ఆ సంస్థ సర్వరు నుంచి మా సర్వరుకు ఒక సందేశం వస్తుంది, దాని మీద సంకేత సంతకం ఉంటుంది. ఆ సంతకం సరిచూసుకున్నాకే ఆర్డరు ఖాయం చేయాలి. కొనేవాళ్ల బ్రౌజర్‌లో "ధన్యవాదాలు" పేజీ తెరుచుకుంది కదా అని సరుకు పంపేస్తే మోసపోయే వీలుంది, ఆ పేజీ చిరునామా తెలిసినవాళ్లు ఎవరైనా డబ్బు కట్టకుండానే దాన్ని తెరవగలరు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను మొదట నేర్పేది ఇదే. ఇంత తెలిస్తే చాలు, మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి బటన్ పని చేస్తుంది.

ఆ బటన్ కోసం అనుమతి దొరకడం దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. దరఖాస్తు ఇంగ్లీషులో ఉంటుంది. వ్యాపారం ఏ తరహాది, ఏ ఉపవర్గంలోకి వస్తుంది, పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఉంటే జీఎస్టీ, తినే సరుకైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. ఇంతవరకు న్యాయమే. ఆ తర్వాత సైటులో గోప్యతా విధానం, వాపసు నిబంధనలు, రవాణా నిబంధనలు, షరతులు అని విడివిడి పేజీలు ఉండాలి. అవి ఉంటేనే దరఖాస్తు ముందుకు కదులుతుంది. పూతరేకులు చుట్టే మనిషి వాపసు నిబంధనలు ఇంగ్లీషులో ఎలా రాస్తుంది? సైటు కట్టినవాళ్లు ఎక్కడినుంచో తెచ్చి పెడతారు. బట్టల కొట్టుకోసం రాసిన పేజీ మిఠాయి కొట్టు సైటులోకి వస్తుంది. ముప్పై రోజుల్లో వెనక్కి పంపితే పూర్తి డబ్బు ఇస్తామని, ఎక్కువ రోజులు నిలవ ఉండని సరుకు మీద, తనకు చదవడం రాని భాషలో ఆ తల్లి మాట ఇచ్చేస్తుంది. కొన్నవాళ్లు రేపు దాన్ని పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళితే ఆ మాటకు ఆవిడే బాధ్యురాలు. కొనేవాళ్లను కాపాడటానికి పుట్టిన నిబంధన ఇలా ఎవరినీ కాపాడని కాగితంగా మారిపోయింది. "రేకులు విరిగి అందితే ఫొటో పంపండి, మళ్లీ పంపుతాం" అన్న ఒక్క తెలుగు వాక్యం ఆ నాలుగు పేజీలకన్నా కొనేవాళ్లకు ఎక్కువ మేలు చేస్తుంది.

బటన్ ఇచ్చే ఈ మధ్యవర్తి పేమెంట్ సంస్థలను నేను తప్పుపట్టడం లేదు. 2020 మార్చి నుంచి ఉన్న మీ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి పేమెంట్ అగ్రిగేటరుకు దరఖాస్తు నాటికి 15 కోట్ల రూపాయల నికర విలువ, ఆ తర్వాత 25 కోట్లు ఉండాలి. ఎస్క్రో ఖాతా నడపాలి. తన దగ్గర చేరిన ప్రతి వ్యాపారి ఎవరో ఏమిటో విచారించి పెట్టుకోవాలి. ఒక దొంగ సైటు చొరబడితే మీరు అడిగేది వాళ్లనే. అలాంటప్పుడు నెలకు పాతిక వేలు అమ్మే పచ్చళ్ల ఇంటికి, నెలకు పాతిక కోట్లు అమ్మే కంపెనీకి ఒకే దరఖాస్తు పెట్టడం వాళ్లకు తేలిక. చిన్నవాళ్ల మీద వచ్చే ఆదాయం తక్కువ, విచారణ ఖర్చు మాత్రం తగ్గదు. వ్యాపార లెక్కలో అది వాళ్లకు గిట్టదు, గిట్టని పనిని మార్కెట్టు తనంతట తాను చేయదు. అందుకే మీకు రాస్తున్నాను.

మధ్యవర్తి లేకుండా నేరుగా యూపీఐ లింకు పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోవచ్చు, చాలామంది పెట్టారు కూడా. యూపీఐలో ఆ ఏర్పాటు మొదటినుంచీ ఉంది. చెల్లింపు ఎవరికి, ఎంత, దేనికి అన్న వివరాలన్నీ ఒక లింకులో ఇమిడ్చి పేజీలో పెడితే, ఫోనులో దాన్ని నొక్కగానే యూపీఐ యాప్ తెరుచుకుంటుంది. పైసా ఖర్చు లేదు. కానీ దాంట్లో మూడు చిక్కులున్నాయి. డబ్బు కట్టారో లేదో మా సైటుకు నమ్మదగిన కబురు రాదు, మళ్లీ స్క్రీన్‌షాటే గతి. లింకులో ఉన్న మొత్తాన్ని తెలిసినవాళ్లు మార్చేయగలరు: 1,500 బదులు 15 కట్టి, కట్టానని చెప్పవచ్చు. పైగా వ్యక్తిగత యూపీఐ ఐడీకి వెబ్ లింకుల ద్వారా వచ్చే చెల్లింపులను కొన్ని యాప్‌లు అనుమానంతో ఆపేస్తాయి. మోసాలు ఎక్కువయ్యాక అలా ఆపడం తప్పని అనలేను. కానీ నిజాయితీగా అమ్ముకునే మనిషి కూడా ఆ వలలోనే పడుతోంది.

అంటే యూపీఐ అనే రహదారి ఉంది, ఉచితంగానే ఉంది. కట్టిన డబ్బు అందిందని అమ్మినవాళ్లకు చెప్పే ఆ చివరి కబురు మాత్రం వెబ్‌సైటుకు ఉచితంగా రాదు. కొట్టు బల్ల మీద స్పీకర్ డబ్బా చేసే పని వెబ్‌సైటులో ఎవరు చేయాలన్నదే నా ప్రశ్న.

ఈ దేశంలో దీనికి ఒకప్పుడు చక్కని జవాబు ఉండేది. పోస్టాఫీసు 1877లో వి.పి.పి. మొదలుపెట్టింది. నాలుగైదు దశాబ్దాల కిందటి తెలుగు పత్రిక ఏది తిరగేసినా పుస్తకాల ప్రకటనల్లో, ఆయుర్వేద మందుల ప్రకటనల్లో "వి.పి.పి. ద్వారా పంపబడును" అన్న మాట కనిపిస్తుంది. కొనేవాళ్లు కార్డు ముక్క రాస్తే అమ్మేవాళ్లు సరుకు పోస్టులో వేస్తారు. పోస్టుమాన్ ఇంటికి తెచ్చి, డబ్బు తీసుకుని, సరుకు ఇస్తాడు. ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవాళ్లకు చేరుతుంది. సరుకు రాకుండా కొన్నవాళ్లు డబ్బు పోగొట్టుకోరు, డబ్బు రాకుండా అమ్మినవాళ్లు సరుకు పోగొట్టుకోరు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు, ఇద్దరికీ పోస్టాఫీసు తెలుసు. బెజవాడలో చిన్న గదిలో కూర్చున్న ప్రచురణకర్త ఖరగ్‌పూర్‌లో ఉన్న తెలుగు రైల్వే ఉద్యోగికి పుస్తకం అమ్మగలిగాడంటే, మధ్యలో నిలబడింది ప్రభుత్వ వ్యవస్థ. అక్కడ ఎవరి నికర విలువనూ ఎవరూ అడగలేదు. పోస్టాఫీసుకు వచ్చి, చిరునామా రాసి, రుసుము కట్టగలిగిన ఎవరైనా అమ్మేవాళ్లే.

క్యాష్ ఆన్ డెలివరీ ఆ వి.పి.పి. వారసురాలే అనుకోవచ్చు. కానీ తినే సరుకుకు అది గండం. తలుపు దగ్గర వద్దన్న డబ్బా వారం తిరిగి వెనక్కి వస్తుంది, రేకులు పొడి అయిపోయి ఉంటాయి, రానుపోను ఖర్చు అమ్మినవాళ్ల మీదే పడుతుంది. అందుకే వీళ్లకు ముందే డబ్బు అందాలి, అందినట్టు తెలియాలి, తమ సైటు బటన్ ద్వారానే అందాలి.

ఇప్పుడు రుసుము గురించి. యూపీఐ చెల్లింపుల మీద 2020 జనవరి 1 నుంచి వ్యాపారి రుసుము లేదని చట్టం చెబుతోంది. వెబ్‌సైటు బటన్ దగ్గర మాత్రం మధ్యవర్తి సంస్థలు తమ సేవలకుగాను మామూలుగా రెండు శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటున్నాయి. 600 రూపాయల పూతరేకుల డబ్బా మీద అది 14 రూపాయల 16 పైసలు. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకి రాదు, వాళ్లు బేరమాడి తగ్గించుకుంటారు కూడా. నెయ్యి ధర, పంచదార ధర, అట్టపెట్టె ధర, కొరియర్ ధర పోగా డబ్బాకు నలభై యాభై మిగిలితే గొప్ప అనుకునే ఇంట్లో ఆ పద్నాలుగు రూపాయలు మిగులులో పెద్ద ముక్క. అదే మనిషి అదే డబ్బాను కొట్టులో అమ్మితే రుసుము సున్నా. కొట్టుకు రాలేని దూరాన ఉన్నవాళ్లకు అమ్మినందుకు ఆవిడ ఎందుకు ఎక్కువ కట్టాలి?

సేవ నడపడానికి ఖర్చవుతుంది, ఎవరో ఒకరు భరించాలి. నిజమే. ఆ ఖర్చు భరించే దారి కూడా మీకు కొత్త కాదు. 2021 జనవరి నుంచి మీ బ్యాంకు చెల్లింపుల మౌలిక సదుపాయాల నిధి నడిపింది. చిన్న పట్టణాల్లో, పల్లెల్లో క్యూఆర్ అట్టలు, స్వైపింగ్ యంత్రాలు పెట్టడానికి రాయితీ ఇచ్చింది. వీధి వ్యాపారులనూ, ఆ తర్వాత విశ్వకర్మ పథకంలో ఉన్న చేతిపనివాళ్లనూ అందులో చేర్చింది. ఇటు కేంద్ర ప్రభుత్వం 2024-25కు 1,500 కోట్ల రూపాయల అంచనాతో, చిన్న వ్యాపారులకు వచ్చే 2,000 రూపాయల లోపు యూపీఐ చెల్లింపులకు 0.15 శాతం ప్రోత్సాహకం ప్రకటించింది. విశ్వకర్మ పథకంలో బొమ్మలు చేసేవాళ్లకు ఒక్కో డిజిటల్ లావాదేవీకి రూపాయి చొప్పున నెలకు వంద లావాదేవీల దాకా ఇస్తున్నారు. డబ్బూ ఉంది, ఉద్దేశమూ ఉంది. ఇవన్నీ బల్ల మీద పెట్టే పరికరాన్ని దృష్టిలో పెట్టుకుని అల్లినవి. వెబ్‌సైటు కూడా ఒక కొట్టే, దాని బటన్ కూడా ఒక పరికరమే అని మీరు ఒక్కసారి గుర్తిస్తే చాలు.

దొంగ సైట్ల భయం అబద్ధం కాదు. చేనేత పేరు పెట్టి, ఎవరివో ఫొటోలు తెచ్చి, డబ్బు తీసుకుని మాయమయ్యేవాళ్లు ఉన్నారు. వాళ్లవల్ల నష్టపోయేది కొన్నవాళ్లతోపాటు అసలు నేతగాళ్లు కూడా. ఒకసారి మోసపోయిన మనిషి మళ్లీ పేరు తెలియని చిన్న సైటులో కొనడు, పెద్ద వేదికకే పోతాడు. కాబట్టి విచారణ వద్దని నేను అనను. ఉన్న ఆధారాలతో విచారించండి అంటాను. చిన్న సంస్థల ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఉచితంగా జరుగుతోంది. చేనేతవాళ్లకు గుర్తింపు కార్డులున్నాయి. హస్తకళాకారులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెహచాన్ కార్డు ఉంది. ఉప్పాడ జాందానీ, పోచంపల్లి, మంగళగిరి, ఏటికొప్పాక, 2023లో ఆత్రేయపురం పూతరేకులు భౌగోళిక గుర్తింపు పొందాయి. ఆ పేరు వాడుకునే హక్కు ఎవరికుందో నమోదు చేసే పద్ధతి చట్టంలోనే ఉంది. అన్నిటికీ మించి, క్యూఆర్ అట్ట ఇచ్చిన రోజున బ్యాంకు ఆ మనిషిని ఒకసారి విచారించే ఉంది. ఊళ్లో ఉన్న శాఖకు ఆవిడ ఎవరో, ఇల్లెక్కడో, పొయ్యి ఎన్నేళ్లనుంచి వెలుగుతోందో తెలుసు. ఆ క్యూఆర్‌నే వెబ్ చిరునామాకు ముడిపెట్టే అధికారం ఆ శాఖకు ఇస్తే, ముంబయిలోనో బెంగళూరులోనో కూర్చుని సైటు స్క్రీన్‌షాట్లు చూసి తీర్పు చెప్పడంకన్నా అది గట్టి విచారణ.

పేరు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. యూపీఐ యాప్‌లో డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో నమోదైన అసలు పేరు కనిపించాలన్న నియమం మోసాలకు చాలావరకు అడ్డు. వెబ్ బటన్ ద్వారా కట్టినప్పుడు మాత్రం కొన్నవాళ్ల ఖాతా పట్టీలో చాలాసార్లు మధ్యవర్తి సంస్థ పేరు కనిపిస్తుంది. నెల తర్వాత అది చూసుకుని, ఇదెవరికి కట్టామో గుర్తురాక, ఫిర్యాదు పెట్టేస్తారు. ఆ ఫిర్యాదు సొమ్ము తిరిగి అమ్మినవాళ్ల ఖాతాలోంచే పోతుంది. అమ్మినవాళ్ల పేరు చివరిదాకా, పట్టీ వరకు కనిపించాలి.

ఇంకొకటి. నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో పండగ ముందు ఆర్డర్లు ఒక్కసారి పెరిగాయి. పిండివంటలకు పండగ ముందు ఆర్డర్లు పెరగకపోతే ఎప్పుడు పెరుగుతాయి? ఆ పెరుగుదలను అనుమానాస్పదంగా చూసి మధ్యవర్తి సంస్థ వాళ్ల సొమ్ము ఆపేసింది. ఖాతా సమీక్షలో ఉందని ఇంగ్లీషులో ఒక మెయిలు. కారణం లేదు, గడువు లేదు, మాట్లాడటానికి మనిషి లేడు. కొన్నవాళ్లు డబ్బు కట్టేశారు కనుక సరుకు పంపక తప్పదు. పంపాలంటే నెయ్యికి, కూలికి డబ్బు కావాలి. వడ్డీకి తెచ్చి పంపారు. పండగ వెళ్లాక సొమ్ము వచ్చింది, వడ్డీ మాత్రం వాళ్ల మీదే మిగిలింది. ఆ తర్వాత ఆ ఇంటి సైటులోంచి బటన్ తీసేయమన్నారు. నేనే తీశాను. చిన్న వ్యాపారి సొమ్మును ఆపే అధికారం ఎవరికైనా ఉంటే ఉండనివ్వండి. కానీ ఆపిన రోజునే కారణం వాళ్ల భాషలో చెప్పాలి, ఇన్ని రోజుల్లో తేలుస్తామని చెప్పాలి, తేల్చకపోతే సొమ్ము విడుదల కావాలి. తప్పుగా ఆపితే వడ్డీ ఇవ్వాలి.

మీ పరిధిలో లేని విషయం ఒకటి కూడా చెప్పకుండా ఉండలేను. రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2 నుంచి, ఆత్రేయపురం నుంచి హైదరాబాదుకు పంపే మిఠాయి డబ్బా వేరే రాష్ట్రానికి వెళ్లే సరుకయింది. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే, అమ్మకాలు ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. నోటిఫై చేసిన చేతివృత్తుల వస్తువులకు ఒక పరిమితి వరకు మినహాయింపు ఇచ్చారు, ఇంట్లో చేసే తినుబండారాలకు ఇవ్వలేదు. కొట్టుకు వచ్చి హైదరాబాదు వాళ్లు కొనుక్కుంటే చిక్కు లేదు, బటన్ నొక్కి కొంటే ఉంది. పచ్చళ్లు, పిండివంటలు చేసే ఆడవాళ్లకు కూడా ఆ మినహాయింపు వర్తింపజేయమని జీఎస్టీ మండలిలో మన రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులు కలిసి అడగాలి. రెండు చోట్లా అమ్మేదీ కొనేదీ తెలుగువాళ్లే.

విదేశాల్లో ఉన్న పిల్లల సంగతి కూడా ఇందులోదే. డాలస్‌లో ఉన్న అబ్బాయి కాకినాడలో ఉన్న తల్లిదండ్రుల ఇంటికి పండక్కి పూతరేకులు పంపించాలనుకుంటాడు. అతని విదేశీ కార్డు తీసుకోవాలంటే చిన్న వ్యాపారికి మళ్లీ వేరే అనుమతి, ఇంకా ఎక్కువ రుసుము. అమెరికా, బ్రిటన్, సింగపూర్, గల్ఫ్ లాంటి పది దేశాల ఫోను నంబర్లతో, ప్రవాస భారతీయుల ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల నుంచి యూపీఐ వాడుకునే వీలు 2023లో ఎన్‌పీసీఐ కల్పించింది. నేనడిగే బటన్ యూపీఐ బటన్ అయితే, అలాంటి ఖాతా ఉన్న ఆ అబ్బాయి చెల్లింపు కూడా దేశీయ చెల్లింపుగానే, విదేశీ అనుమతుల జోలికి పోకుండా అందుతుంది.

కనుక గవర్నరు గారూ, నేను కోరేది ఇది. చిన్న వ్యాపారికి క్యూఆర్ ఇచ్చే ప్రతి బ్యాంకూ, అడిగితే అదే ఖాతాకు ఒక వెబ్ బటన్ కూడా ఇవ్వాలి. యూపీఐలో చిన్న వ్యాపారులకంటూ ఇప్పటికే వేరే తరగతి ఉంది. ఆ తరగతిలో ఉన్నవాళ్లకు ఈ బటన్ మీద రుసుము ఉండకూడదు. మొత్తం ఎంతన్నది బ్యాంకు వైపే స్థిరపడి ఉండాలి, కొనేవాళ్లు మార్చే వీలుండకూడదు. డబ్బు అందగానే ఆర్డరు నంబరుతో సహా సంతకం ఉన్న కబురు అమ్మినవాళ్ల సైటుకు రావాలి, సైటు చూసుకునే మనిషి లేకపోతే వాళ్ల ఫోనుకు తెలుగులో రావాలి. ఉద్యమ్, పెహచాన్, చేనేత కార్డుల్లో ఏది ఉన్నా సరిపోవాలి. వాపసు, రవాణా నియమాలకు బ్యాంకే తెలుగులో ఒక చిన్న నమూనా ఇచ్చి, తినే సరుకుకు ఒకటి, గుడ్డకు ఒకటి, బొమ్మలకు ఒకటి, వాటిలో ఎంచుకోమనాలి. పరిమితి దాటి ఎదిగినవాళ్లు అప్పుడు మధ్యవర్తి సంస్థల దగ్గరికే వెళతారు, ఆ రుసుము సంతోషంగా కడతారు. ఎదిగిన వ్యాపారులు దొరకడం ఆ సంస్థలకూ లాభమే.

ఇలాంటి మార్పులు చేసేముందు మీ బ్యాంకు ముసాయిదా విడుదల చేసి ప్రజల అభిప్రాయాలు అడుగుతుంది. మంచి పద్ధతి. అయితే ఆ అభిప్రాయాలు పంపేది ఎక్కువగా బ్యాంకులు, సంస్థలు, న్యాయవాదులు. ఈసారి ఆ ముసాయిదాను తెలుగులోనూ విడుదల చేయించండి, జవాబులు తెలుగులో రాసినా తీసుకుంటామని అందులోనే చెప్పండి. గడువు పండగ రోజుల్లో పడకుండా చూడండి, అప్పుడు వీళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. ఆత్రేయపురం నుంచి, ఉప్పాడ నుంచి, ఏటికొప్పాక నుంచి వాళ్ల జవాబులు వాళ్లచేతే రాయించి పంపే బాధ్యత నాది.

భవదీయ,
గోదావరి జిల్లాల్లో చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లు చూసుకునే ఒక రాజమహేంద్రవరం వాసి